పక్షులను చూచిన వారము

డిసెంబరు సెలవులలో మామయ్య మమ్మల్ని వారం రోజులు పక్షులను చూడటానికి తీసుకువెళ్ళారు.

మొదట బ్లాక్ రివర్ లోయల అడవికి వెళ్ళాము. రెండు రోజులు వాన. ఏమీ కనబడలేదు. మూడవ రోజున చిన్న డేగ ఒకటి కొమ్మ మీద వాలింది. దాని కాళ్ళలో బల్లి ఉన్నది.

"పూర్వం దీనిని కోళ్ళను తినే పక్షి అని జనం కాల్చేవారు. పాపం, ఇది తినేది ఎక్కువగా బల్లులనే! 1974లో అడవిలో నాలుగే మిగిలాయి" అన్నారు మామయ్య.

"మరి ఎలా బ్రతికాయి, మామయ్యా?" అని చెల్లెలు అడిగింది.

"కొండ రంధ్రాలలోని గుడ్లు తెచ్చి, వెచ్చని పెట్టెలలో పొదిగించారు. పిల్లలను పెంచి అడవిలో విడిచారు."

"డోడోను ఎందుకు పెంచలేదు?"

"అప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాలేదమ్మా. అది పోయి 300 ఏండ్లు దాటింది."

తరువాత పడవలో ఇల్ ఓ జెగ్రెట్ దీవికి వెళ్ళి గులాబి పావురాలను చూచాము.

చివరి రోజున టెర్ రూజ్ ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాము. పొడుగు ముక్కు పిట్టలు బురదలో పురుగులను ఏరుకొంటున్నాయి. ఇవి సైబీరియా నుండి వచ్చే చుట్టాలు. అక్కడి చలికి ఆగలేక అక్టోబరులో వస్తాయి. ఏప్రిల్ నాటికి చాలావరకు తిరిగిపోతాయి. చెల్లెలు వాటిని లెక్కపెట్టింది. నలభై మూడు అనగానే అన్నీ ఒక్కసారి లేచిపోయాయి!

ప్రశ్నలు:
జనం డేగను ఎందుకు కాల్చేవారు?
మీ ఇంటి దగ్గర ఏ పక్షులున్నాయి? క్రియోలులో వాటి పేర్లేమిటి?