మా ఊరి చెరువు గురించి రాస్తే కేసు పెడతారా?

ప్రశ్న: చెరువు నీళ్లు రంగు మారాయని మా ఊరి వాట్సాప్ గ్రూపులో రాశాను. కేసు పెట్టిస్తామని బెదిరిస్తున్నారు. మాట్లాడే హక్కు ఇంకా మిగిలిందా సార్? – ఓ పాఠకుడు, ఉంగుటూరు

జవాబు: మాట్లాడే హక్కునిచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం అలాగే ఉందండీ. దాన్ని వాడుకోవడానికి భయపడే పరిస్థితి వచ్చింది, అసలు నష్టం అదే.

2021 మేలో మీ పక్కనున్న నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. ఆయన మాటలు ప్రసారం చేసిన టీవీ5, ఏబీఎన్ ఛానళ్లనూ కేసులోకి లాగారు. సుప్రీంకోర్టు ఆయనకు బెయిలిచ్చింది, ఛానళ్లపై కఠిన చర్యలు వద్దంది. రోడ్ల మీద సభలను కట్టడి చేసిన జీవో 1ని 2023 మే 12న మన హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మారింది. 2025 జూన్‌లో సీనియర్ జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావును, తన చర్చా కార్యక్రమంలో అతిథి అన్న మాటలకు అరెస్టు చేశారు. ఆయన విడుదలకూ సుప్రీంకోర్టే ఆదేశించాల్సి వచ్చింది. జెండాలు మారినా పద్ధతి మారలేదు. ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత లేని పల్లెటూరి మనిషి గతేమిటన్నదే నా బాధ.

మీ విషయానికొస్తే, ఆన్‌లైన్ రాతలకు కేసులు పెట్టేందుకు వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ 2015 మార్చి 24నే రద్దయింది; ఆ పేరుతో బెదిరిస్తే చెల్లదు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు పోలీసులు సాధారణంగా ముందు నోటీసివ్వాలి. వస్తే తప్పక హాజరవండి, వెంట వకీలును తీసుకెళ్లండి. నీటి పరీక్ష చేయించి ఆ కాగితం, తేదీతో తీసిన ఫొటోలు దాచుకోండి. కులం, వ్యక్తిగత నిందలు రాయొద్దు. పోస్టు మాత్రం తీసేయకండి.