చుక్కలు చూసే పిల్లలకు పరీక్ష పెట్టకండి

"మా వాడు ఎనిమిదైతే చాలు, పుస్తకం మూసి మిద్దె ఎక్కుతాడు సార్. పిలిచినా దిగడు." "రేత్రి చుక్కలు చూపిస్తారంట, స్కూలు గ్రౌండుకు పంపమని మా పాప ఒకటే గోల. ఆడపిల్లను ఎట్లా పంపేది?" "ఇదంతా రేపు కూడు పెడుతుందా?"

నల్లమల అంచున ఉన్న మన ఆత్మకూరులో అయినా, చుట్టుపక్కల పల్లెల్లో అయినా, ఆకాశం మీద మనసుపడ్డ పిల్లలున్న ఇంట్లో వినిపించే మాటలు ఇవే. మూడింటిలోనూ భయం ఉంది. పిల్లల మీద ప్రేమ లేకపోతే ఆ భయమూ ఉండదు. కాబట్టి ఒక్కో భయం సంగతీ నిదానంగా చూద్దాం.

ముందు, రాత్రిళ్ళు పిల్లలకు చుక్కలు చూపించే ఈ ఆకాశ పరిశీలన బృందాలు ఏం చేస్తాయో తెలుసుకుందాం. ఒక సైన్సు మాస్టరో, బ్యాంకు ఉద్యోగో, ఇంజనీరింగ్ చదివే కుర్రాడో సొంత డబ్బుతో కొన్న టెలిస్కోపును బడి ఆవరణలో నిలబెడతారు. పిల్లలు వరుస కడతారు. ఒక్కొక్కరికి దక్కేది అర నిమిషం. ఆ అర నిమిషంలో చంద్రుడి మీది గుంతలో, గురుగ్రహం పక్కన వరుసగా నిలిచిన నాలుగు చందమామలో, శని చుట్టూ సన్నటి వలయమో చూస్తారు. గ్రహణం వస్తే సరైన కళ్ళద్దాలు పంచుతారు, గుళ్ళు మూసిన వేళ ఆకాశంలో జరిగేదేమిటో చెబుతారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక మన జిల్లాల్లో ఇలాంటి పనులు చాలాకాలంగా చేస్తోంది. పుణెలో జ్యోతిర్విద్యా పరిసంస్థ 1944 నుంచీ ఉంది. అమెరికాలో జాన్ డాబ్సన్ అనే ఆయన రామకృష్ణ సంప్రదాయపు మఠంలో ఏళ్ళతరబడి సన్యాసిగా ఉంటూనే పాత గాజు అరగదీసి, అట్ట గొట్టాలకు బిగించి టెలిస్కోపులు తయారుచేశాడు. 1967లో మఠం విడిచాక శాన్ ఫ్రాన్సిస్కో వీధి మూలల్లో నిలబడి, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చందమామను చూపించాడు.

వీళ్ళెవరూ ఫీజు అడగరు, మార్కులు వేయరు. వాళ్ళు కట్టించే వరుసలో ముందు నిలబడినవాడికి మొదటి ర్యాంకు రాదు. మన పిల్లలను అక్కడికి లాగుతున్నది చుక్కలు మాత్రమే కాదు, ఇది కూడా.

ఒక్కసారి వాళ్ళ రోజును వాళ్ళ కళ్ళతో చూద్దాం. ఐదో తరగతిలో చేరడానికి గురుకులం ప్రవేశ పరీక్ష. తర్వాత వారం వారం టెస్టులు. పదో తరగతి మార్కులు. ఆ పైన నంద్యాలలోనో కర్నూలులోనో హాస్టలు. బడిలో మాస్టరు అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు ముందే తెలిసి ఉంటుంది. చెప్పలేకపోతే తప్పు పిల్లవాడిదే. టెలిస్కోపు దగ్గర అలా కాదు. "దాని అవతల ఏముంది?" అని పిల్లవాడు అడుగుతాడు. చూపించే ఆయన కాస్త ఆలోచించి, "ఇంకా ఎవరికీ తెలీదురా" అంటాడు. పెద్దవాళ్ళకు కూడా తెలియనిది ఉందని, అలా తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదని ఆ పిల్లవాడు బహుశా మొదటిసారి వింటాడు. ఆ మాట వాడికి ఎంత ఊరటనిస్తుందో మనం ఊహించగలం.

చదువు పాడవుతుందన్న భయం సంగతి చెప్పుకుందాం. వారానికి ఒకటి రెండు రాత్రులు అరగంటో గంటో మిద్దె మీద గడిపితే ఏ చదువూ పాడవదు. అయితే కఠినమైన మాట కూడా చెప్పాలి. చుక్కలు చూస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయనీ, ఇస్రోలో ఉద్యోగం వస్తుందనీ మీకు మాట ఇవ్వలేను. అలా ఆశపెట్టి ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇంకో మాట. పిల్లవాడు రోజూ మూడేసి గంటలు మిద్దె మీదే ఉంటున్నాడంటే, వాడు పైకి ఎందుకు వెళుతున్నాడన్నది పక్కన పెట్టి, కింద ఏముందో చూడాలి. ఇంట్లో రోజూ గొడవలా? అప్పుల మాటలు గట్టిగా వినిపిస్తున్నాయా? బడిలో ఎవరైనా అవమానిస్తున్నారా? అలాంటప్పుడు మిద్దెకు తాళం వేస్తే వాడికున్న ఒక్క చోటూ పోతుంది. తాళం జోలికి పోకుండా, నాలుగు మెట్లు మనమే ఎక్కి పక్కన కూర్చుందాం. ఏమీ అడగక్కర్లేదు. చీకట్లో పిల్లలు ముఖం చూపించకుండా మాట్లాడగలరు. పగలు చెప్పలేనివి అప్పుడు చెబుతారు.

ఆకాశం చూసే పిల్లల్లో ఇంకొకటి జరుగుతుంది. మనం దాన్ని తరచూ గమనించం. పోయినవాళ్ళు చుక్కలవుతారని మనమే చెప్పి ఉంటాం. అవ్వ పోయినప్పుడు ఏడుస్తున్న పసివాణ్ణి ఎత్తుకుని, "అదిగో, ఆ చుక్కే అవ్వ" అని చూపించి ఉంటాం. ఎనిమిదేళ్ళు గడిచాక ఆ పిల్లవాడు టెలిస్కోపు పక్కన నిలబడి, నక్షత్రమంటే మండే వాయువుల గోళమని వింటాడు. మన కంటికి మసకగా కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు బయలుదేరి 25 లక్షల ఏళ్ళయిందని వింటాడు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేస్తాడు. మనకు కారణం తెలియదు. వాడు అవ్వను రెండోసారి పోగొట్టుకున్నాడు. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో చావు గురించి, తాము ఎంత చిన్నవాళ్ళమో అన్నదాని గురించి పిల్లలు గట్టిగా ఆలోచిస్తారు. చీకటి ఆకాశం ఆ ఆలోచనను పైకి తెస్తుంది. అప్పుడు "పిచ్చి ఆలోచనలు మాని పడుకో" అంటే పిల్లవాడు ఆలోచించడం మానడు. మనకు చెప్పడం మానేస్తాడు. "అప్పుడు నీ ఏడుపు చూడలేక అలా చెప్పాను నాయనా. చుక్క ఏమిటో నువ్వు తెలుసుకున్నావు, మంచిదే. అవ్వ మనకు చేసినవన్నీ మాత్రం నిజమే కదా" అనండి. తర్వాత అవ్వ గురించి రెండు మాటలు చెప్పుకోండి. అది చాలు.

ఇక రాత్రి భయం. దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పను. మన ఊరు నల్లమల అంచున ఉంది. పులుల అభయారణ్యం పక్కనే. చీకటి బాగుంటుందని పిల్లలను బైర్లూటి వైపు అడవి దారికి తీసుకెళ్తామని ఎవరైనా అంటే వద్దనండి. అటవీ శాఖ అనుమతి, పెద్దల తోడు లేకుండా అలాంటివి కూడవు. ఊరి చివర పొలంలో అయినా తేళ్ళూ పాములూ ఉంటాయి. టార్చి, చెప్పులు, మందపాటి పట్ట తప్పనిసరి. బృందం వాళ్ళను నాలుగు మాటలు అడగడం మన హక్కు. ఎవరు బాధ్యులు? ఎన్నింటికి ముగుస్తుంది? పిల్లలు ఇంటికి ఎట్లా చేరతారు? ఆడపిల్లల వెంట టీచరమ్మలు ఎవరైనా ఉంటారా? మంచి బృందం ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు.

ఆడపిల్ల విషయంలో ఇంకొక కఠినమైన నిజం ఉంది. ప్రతిసారీ "నువ్వు వద్దు, తమ్ముణ్ణి పోనీ" అంటే, ఆ పిల్ల నేర్చుకునేది జాగ్రత్త కాదు. రాత్రి తనది కాదని నేర్చుకుంటుంది. పంపడానికి ధైర్యం చాలకపోతే తోడు వెళ్ళండి. పొద్దంతా మిరప చేలో పని చేసి వచ్చిన అమ్మకు ఓపిక ఉండదు, నిజమే. అలాంటి రోజు మిద్దె మీద పది నిమిషాలు పక్కన పడుకోండి. కార్తీకంలో తూర్పున పొడిచే పిల్లలకోడి, తెల్లవారుజామున వేగుచుక్క అమ్మకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. రంజాన్ నెలవంక కోసం పక్కింటి మిద్దెల మీద నిలబడేవాళ్ళను చూస్తూ పెరిగాం మనం. పిల్లకు చూపించడానికి కొత్తగా చదువుకోవాల్సిందేమీ లేదు.

అమావాస్య నాడు పిల్లలను బయటికి పోనివ్వడానికి మనసొప్పదు. కానీ చుక్కలు బాగా కనిపించేది ఆ రాత్రులే. చందమామ గుంతలు చూడాలంటే పున్నమి కంటే అష్టమి మేలు. నీడలు పొడవుగా పడి గుంతల లోతు తెలుస్తుంది. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు చాలు, ఏ రాత్రి ఏం చూడాలో పిల్లలే నిర్ణయించుకుంటారు.

గ్రహణం రోజు ఇంట్లో రెండు పక్షాలవుతాయి. ఒకవైపు అవ్వ, ఇంకోవైపు పిల్లవాడు. ఇద్దరినీ పోటీకి దింపకండి. గ్రహణం విడిచాక స్నానం చేయమని అవ్వ అంటే, చూసొచ్చాక చేయవచ్చు. శ్రీకాళహస్తిలో గ్రహణ సమయంలోనూ గుడి తెరిచే ఉంటుందన్న సంగతి అవ్వకూ తెలుసు. మనవాళ్ళు గ్రహణాలను అన్ని చోట్లా ఒకే తీరుగా చూడలేదు. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్ళతో నిశ్చింతగా చూడవచ్చు. 2025 సెప్టెంబరు 7 రాత్రి 11 గంటల నుంచి దాదాపు 82 నిమిషాల సేపు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉన్నాడు. మేఘం అడ్డురాని చోట మేలుకుని ఉన్నవాళ్ళందరికీ ఖర్చు లేకుండా దక్కింది.

సూర్యగ్రహణం సంగతి వేరు. ఇక్కడ మాత్రం మనం పిల్లవాడి మాట వినకూడదు, గట్టిగా ఉండాలి. కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు. కాలిపోతున్నా పిల్లవాడు చెప్పలేడు, కొన్ని గంటల తర్వాత చూపు మసకబారినప్పుడే తెలుస్తుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, పళ్ళెంలో నీళ్ళు ఏవీ పనికిరావు. గ్రహణం కోసమే తయారైన కళ్ళద్దాలు కావాలి. టెలిస్కోపుకైతే ముందువైపు ఫిల్టరు బిగించి ఉండాలి. అది లేకుండా ఒక్క క్షణం చూసినా చూపు పోవచ్చు. 2027 ఆగస్టు 2న ఒక సూర్యగ్రహణం మన దేశంలో చాలా చోట్ల పాక్షికంగా కనిపిస్తుంది. 2031 మే 21న వలయ గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా పోతుంది. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే పిల్లకు అప్పటికి ఓటు హక్కు కూడా వచ్చి ఉండవచ్చు. ఈ జాగ్రత్తలు ఇప్పుడే నేర్పితే అప్పుడు మనం పక్కన లేకపోయినా ఫరవాలేదు.

ఇంతవరకూ వద్దనే తల్లిదండ్రులతో మాట్లాడాం. ఉత్సాహపడే తల్లిదండ్రులతోనూ ఒక మాట చెప్పాలి. నిజానికి నాకు వీళ్ళ పిల్లల గురించే ఎక్కువ దిగులు. పిల్లవాడు రెండుసార్లు శనిగ్రహం చూసి మురిసిపోగానే వీళ్ళు వేలు పోసి టెలిస్కోపు కొంటారు. ఒలింపియాడ్ కోచింగులో చేర్పిస్తారు. చుట్టాలు వస్తే పిలిచి, "గ్రహాల పేర్లన్నీ చెప్పరా" అంటారు. ఇదీ ప్రేమే. కానీ బళ్ళో, ఇంట్లో, ట్యూషన్లో ఉన్న పరీక్ష చివరికి మిద్దె మీదికి కూడా వచ్చేసింది. ఇక ఆ పిల్లవాడు ఎక్కడికి పోవాలి? శనగ విత్తిన రైతు మొలిచిందో లేదోనని రోజూ మన్ను తవ్వి చూడడు కదా.

వేణు బప్పు కథ చెప్పి పిల్లలను ఊరించడం తేలిక. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. అక్కడే పెరిగిన ఆ కుర్రాడు 1949లో హార్వర్డులో చదువుకుంటూ ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తర్వాత ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. గొప్ప కథే. కానీ మన పిల్లలకు అంతకంటే ముందు తెలియాల్సిన తెలుగువాళ్ళు ఇద్దరున్నారు. 1840లో గొడే వెంకట జగ్గారావు విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఆకాశం చూడమని వాళ్ళకు జీతం ఇచ్చినవాళ్ళు లేరు, పరీక్ష పెట్టినవాళ్ళూ లేరు. ఇష్టపడి చేశారు, శ్రద్ధగా రాసిపెట్టారు. మన పిల్లవాడు రేపు టీచరైనా, డ్రైవరైనా, రైతైనా అలా ఒకదాన్ని జీవితాంతం ఇష్టపడుతూ ఉండగలడు. అది కూడు పెట్టదు. కూడు సంపాదించి అలసిపోయిన మనిషికి అలాంటిది ఒకటి అవసరమవుతుందని మాత్రం మనకు అనుభవమే.

మరి మనం చేయాల్సింది ఏమిటి? టెలిస్కోపు తొందరేమీ లేదు. అమావాస్య దగ్గరి రాత్రి ఫోను పక్కన పెట్టి, చీకటికి కళ్ళు అలవాటు పడే దాకా ఇరవై, ముప్పై నిమిషాలు ఓపిక పట్టడం నేర్పండి. తర్వాత ఎప్పుడైనా ఒక బైనాక్యులర్ దొరికితే గురుడి చందమామలు అందులోనే కనిపిస్తాయి. పగటి పూట చేయడానికీ ఒకటుంది. మన ఆత్మకూరు మీదుగా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన పోతాడు. మే 4 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 9 ప్రాంతంలో ఇంకోసారి. మే నెలలో అయితే 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో నిలబెట్టిన గ్లాసుకూ, స్తంభానికీ పక్కకు నీడ పడదు. ఢిల్లీ పిల్లలకు ఇది ఏనాడూ దక్కదు, సూర్యుడు అంత ఉత్తరానికి పోడు. ఆగస్టులో మబ్బులు అడ్డం రావచ్చు. మేలో ఎండ మండిపోతుంది కాబట్టి తలకు తువ్వాలు చుట్టి, మజ్జిగ తాగించి, ఐదు నిమిషాలు చూసి లోపలికి వచ్చేయండి.

పిల్లకు ఒక నోటుబుక్కు కొనివ్వండి. తేదీ, సమయం, కనిపించినది, కనిపించనిది రాసుకుంటుంది, బొమ్మలు వేసుకుంటుంది. ఆ పుస్తకంలో అక్షర దోషాలు దిద్దకండి, చుట్టాలకు చూపించకండి, ఈ వారం ఎన్ని పేజీలు రాశావని అడగకండి. తనే తెచ్చి చూపిస్తే పని ఆపి చూడండి. నాలుగు నెలలకు ఆసక్తి పోయి పుస్తకం మూలపడితే, డబ్బు దండగైందని అనకండి. పిల్లకు తన ఇష్టం తనదే అని తెలియడానికి, దాన్ని వదులుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి.