120 గజాల ఇంట్లో ఆడపిల్లల వాటా

ఒక పూట నమాజు తప్పితే మనసు గుచ్చుకుంటుంది. రమజానులో ఒక్క రోజా పోతే, దాన్ని తిరిగి పాటించేదాకా నిద్ర పట్టనివారు మన ఇళ్ళలో ఉన్నారు. కాని ఇంటి పెద్ద కన్నుమూశాక ఆయన వదిలివెళ్ళిన ఆస్తిని వారసులకు పంచడం కూడా అల్లాహ్ విధించిన ఫర్జే అన్న సంగతి అవే ఇళ్ళలో ఎందుకో గుర్తుకు రాదు. నలభైయవ రోజు భోజనాలకు వేలకు వేలు ఖర్చవుతాయి (దానికి షరీఅత్‌లో ఆధారం ఉందా లేదా అన్నది వేరే చర్చ). అప్పుల లెక్క, వాటాల లెక్క మాత్రం బయటికి రాదు. ఏళ్ళు గడుస్తాయి. ఇల్లు మెల్లగా కొడుకులదైపోతుంది.

ఉహుద్ యుద్ధంలో అమరులైన సఅద్ బిన్ రబీ (రజి) భార్య తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. పిల్లల బాబాయి ఆస్తినంతా తీసేసుకున్నాడని, చేతిలో ఏమీ లేకపోతే ఈ పిల్లలకు పెళ్ళి కూడా కాదని మొరపెట్టుకున్నారు. ఆ తర్వాతే వారసత్వ ఆయతులు అవతరించాయి. ఆయన (స) ఆ బాబాయిని పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకోమని ఆదేశించారు. దివ్యఖుర్ఆన్ అన్నిసా అధ్యాయంలోని 11, 12 ఆయతులలో ఈ వాటాలు అంకెలతో సహా చెప్పబడ్డాయి. నమాజులో ఎన్ని రకాతులన్నది కూడా ఖుర్ఆన్‌లో అంత వివరంగా లేదన్న సంగతి గమనించండి. అదే అధ్యాయం 7వ ఆయతులో, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా స్త్రీకి అందులో భాగం ఉందని స్పష్టం చేయబడింది. కాబట్టి “ఉన్నదే కాస్త, అందులో ఏం పంచుతాం” అన్న మాటకు చోటు లేదు.

ఇప్పుడు మన పాతబస్తీకి వద్దాం. షాలిబండ వెనుక గల్లీలో 120 గజాల ఇల్లు ఉందనుకోండి. యజమాని మరణించాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. అప్పులు తీర్చి (భార్యకు చెల్లించని మహ్ర్ కూడా అప్పే), వసియ్యత్ ఏదైనా ఉంటే మూడో వంతుకు మించకుండా అమలు చేసిన తర్వాత కూడా ఇల్లు అలాగే మిగిలిందనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 15 గజాలు. మిగిలిన 105 గజాలు ఏడు భాగాలు చేస్తే ఒక్కో భాగం 15. కొడుకులకు చెరి 30, కూతుళ్ళకు తలా 15. ఐదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది.

ఆడపిల్లకు సగమే ఎందుకని ఎవరైనా ప్రశ్నిస్తే మనం ఎంతో ఉత్సాహంగా జవాబు చెబుతాం. పోషణ భారం మగవాడి మీద ఉంది, మహ్ర్ ఇవ్వాల్సింది అతడే అంటాం. ఆ జవాబు సరైనదే. కాని ఆ సగాన్నయినా ఇస్తున్నామా?

ఫ్రాన్సు దేశానికి చెందిన ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు, సెలిన్ బెస్సియేర్, సిబిల్ గొలాక్, కుటుంబాలలో ఆస్తి చేతులు మారే తీరును ఏళ్ళ తరబడి పరిశీలించి 2020లో ఒక పుస్తకం వెలువరించారు. అక్కడి చట్టం ప్రకారం కొడుకూ కూతురూ సమానమే. అయినా మగవారి ఆస్తికీ ఆడవారి ఆస్తికీ మధ్య తేడా 1998లో 9 శాతం ఉండగా 2015 నాటికి 16 శాతమైంది. కారణం ఏమిటి? ఇల్లో దుకాణమో ఫలానా కొడుక్కే దక్కాలని ముందే అనుకుంటారు. ఆ తర్వాత కాగితం మీద అంకెలు దానికి తగ్గట్టు సర్దుతారు. లెక్క ముందు, ఫలితం తర్వాత కాదు. ఫలితమే ముందు, లెక్క దాని వెనుక!

పాతబస్తీలో ఈ తలకిందుల లెక్క పేరు జహేజ్. “ఆపా పెళ్ళికి అబ్బా అంత ఖర్చు పెట్టారు కదా, ఆమె వాటా అందులోనే వెళ్ళిపోయింది” అంటారు. సోదరులారా, వారసత్వపు హక్కు తండ్రి మరణంతోనే పుడుతుంది. ఆయన బతికుండగా ఇచ్చింది కానుక. దాన్ని వాటా కింద జమకట్టేట్టయితే కొడుకు గల్ఫ్ వీసాకు, వలీమాకు, ఆటో కొనడానికి ఇచ్చినదంతా అదే పద్దులో రాయాలి. ఆ పద్దు ఎవరూ తెరవరు. పైగా జోడే కీ రఖమ్, జహేజ్ అడిగి పుచ్చుకునేది వరుడి ఇంటివాళ్ళు. అవి ఆమె చేతిలో మిగిలేది ఎంత?

ఇక రెండో మాట “మాఫ్”. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న చెల్లెలి ముందు దస్తబర్దారీ కాగితం పెట్టి సంతకం చేయమంటారు. ఆమె చేస్తుంది. ఎందుకంటే రేపు భర్తతో గొడవొస్తే, లేదా తలాఖ్ అయితే, వచ్చి తలదాచుకోవాల్సింది అన్నల గుమ్మంలోనే. వాటా అడిగితే ఆ గుమ్మం మూసుకుపోతుందన్న భయం ఆమెది. దక్షిణాసియా స్త్రీల భూమి హక్కులపై 1994లో బీనా అగర్వాల్ రాసిన గ్రంథంలోనూ ఇదే కనిపిస్తుంది. అక్కచెల్లెళ్ళు హక్కు వదులుకునేది పుట్టింటి దారి తెరిచి ఉండాలనే. తన వాటా విలువ ఎంతో తెలియక, భయంతో చేసిన సంతకాన్ని మనస్ఫూర్తి అంగీకారం అనగలమా? నిజంగా ఆమె ఇవ్వదలిస్తే ముందు వాటా ఆమె చేతికి రావాలి. అప్పుడు ఇస్తుందో ఉంచుకుంటుందో ఆమె ఇష్టం.

పాతబస్తీ ఆడవారికి ఇల్లంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు, కార్ఖానా కూడా. జర్దోజీ చట్రం పరచాలన్నా, లక్క గాజులకు రాళ్ళు అద్దాలన్నా, కుట్టు మిషను పెట్టుకోవాలన్నా కాస్త చోటు కావాలి. పనిచేసే ముస్లిం స్త్రీలలో సుమారు 70 శాతం ఇంట్లోనే పనిచేస్తారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. అలాంటి స్త్రీకి గది లేకపోవడమంటే ఉపాధి లేకపోవడమే. ఇంకో సంగతి. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లూ భూమీ రెండూ లేని భార్యలలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నామన్నారు. సొంత ఇల్లు ఉన్నవారిలో అది 10 శాతం, రెండూ ఉన్నవారిలో 7 శాతం. అల్లుడికి నీతి బోధించే ముందు ఈ అంకెలు చూడాలి.

“15 గజాలు కోసి ఎలా ఇస్తాం?” అన్నది అన్నదమ్ముల ఆఖరి సాకు. మెట్రో రైలు పుణ్యమా అని దానికీ జవాబు దొరికింది. ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట మార్గంలో పోయే ఆస్తులకు గజానికి 81 వేల రూపాయలు నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కులివ్వడం మొదలుపెట్టారు. ఆ ధరకు 15 గజాలంటే 12 లక్షల 15 వేలు. ఇల్లు డబ్బుగా మారాక కోయలేమన్న మాట చెల్లదు.

ఒక చిక్కు మాత్రం నిజమైనదే. 1970ల నుంచి గల్ఫ్ వెళ్ళిన కొడుకులు పంపిన సొమ్ముతో తండ్రి స్థలంలో పై అంతస్తులు లేచాయి. ఆ సొమ్ము కానుకా, అప్పా, భాగస్వామ్యమా అన్నది ఆనాడే రాసుకోకపోతే తండ్రి పోయాక కొడుక్కూ అన్యాయం జరగవచ్చు, కూతురికీ జరగవచ్చు. తండ్రి బతికుండగానే సాక్షుల సమక్షంలో రాయించడం మేలు. అంతేగాని కూతుళ్ళను తప్పించడానికి కొడుకుల పేర హిబా రాయడం ఆ చిక్కుకు విరుగుడు కాదు. ఒక కొడుక్కే కానుక ఇచ్చి సాక్ష్యం కోరిన తండ్రికి దైవప్రవక్త (స) సాక్షిగా ఉండనన్నారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగారు.

అమ్మలేని ఇల్లయితే విలువ కట్టించి అన్నలు వాయిదాలలో చెల్లించవచ్చు. అదీ కుదరకపోతే అద్దె ఉండనే ఉంది. పైన చెప్పిన ఇంటి ముందు ఒక మల్గీ ఉండి, నెలకు 8 వేలు వస్తుందనుకోండి. అందులో తల్లికి వెయ్యి, కొడుకులకు చెరి రెండు వేలు, ముగ్గురు ఆడపిల్లలకు తలా వెయ్యి. ప్రతి నెలా, ఆమె అడగకముందే.