శ్రీపెరంబుదూరు దారి పట్టే ముందు

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల్లో డిప్లొమానో ఇంజినీరింగో ముగించిన పిల్లలు చాలామంది మొదట అడిగేది ‘ఏ కంపెనీ పెద్దది?’ అని. ఎలక్ట్రానిక్స్ రంగంలో ఆ ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకూడదు. ఎందుకో తెలియాలంటే పక్కనున్న శ్రీపెరంబుదూరునే చూడండి.

2006లో నోకియా అక్కడ తయారీ మొదలుపెట్టిన నాటికి ప్రపంచంలో దాన్ని మించిన ఫోన్ల కంపెనీ లేదు. 2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాయి. జనం ఫోన్‌లో యాప్‌లు వెతకడం మొదలుపెట్టాక, గట్టి ఫోన్‌ను చవగ్గా, కోట్లలో చేయగల నోకియా నేర్పు దాన్ని కాపాడలేకపోయింది. 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ఆ ఫోన్ల వ్యాపారాన్ని కొన్నప్పుడు, పన్ను వివాదంలో చిక్కుకున్న శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ ఒప్పందంలో చేరలేదు. ఆ నవంబరు 1న ఉత్పత్తి ఆగిపోయింది. వేలమంది ఉపాధి పోయింది. మూతకు పన్ను గొడవే కారణమని ఇప్పటికీ అంటుంటారు. అది నిజమే, కానీ సగమే. బటన్ ఫోన్లకు కాలం చెల్లుతుండగా ఆ ఫ్యాక్టరీ ఎక్కువకాలం నిలిచేదని నేననుకోను.

అయితే అక్కడి పని అంతరించలేదు. 2019లో ఫాక్స్‌కాన్ శ్రీపెరంబుదూరులో ఐఫోన్ల తయారీ మొదలుపెట్టింది. మూతపడిన నోకియా ఆవరణను తీసుకుంటున్నట్టు ఛార్జర్లు చేసే సాల్‌కాంప్ అదే ఏడాది ప్రకటించింది. ఛార్జరైనా, ఫోనైనా, కారు కంట్రోల్ బోర్డైనా ఎస్‌ఎమ్‌టీ (సర్ఫేస్ మౌంట్ టెక్నాలజీ) లైన్‌లో జరిగేది ఒకే తీరు పని: బోర్డు మీద సోల్డర్ పేస్ట్ అద్దడం, యంత్రంతో విడిభాగాలు కూర్చడం, రీఫ్లో ఓవెన్‌లోకి పంపడం, కెమెరాతో లోపాలు పట్టడం. ఆ లైన్‌ను సెట్ చేయడం, లోపం ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం వచ్చినవాళ్లకు సరుకు మారినా పని దొరుకుతుంది. స్క్రూలు బిగించడం దగ్గరే ఆగిపోతే దొరకడం కష్టం. చేరిన మొదటి ఏడాదిలోనే టెస్టింగ్‌కో ప్రాసెస్ విభాగానికో మారే ప్రయత్నం చేయండి.

ఇక డబ్బు ఎవరి దగ్గర నిలుస్తోందో చూడాలి. ఇతరుల బ్రాండ్లకు సరుకు చేసిపెట్టే డిక్సన్ లాంటి సంస్థకు నూరు రూపాయల అమ్మకంలో నిర్వహణ లాభం సుమారు నాలుగు రూపాయలే. అలాగని ఇతరులకు చేసిపెట్టేవాళ్లంతా బలహీనులు కారు. తైవాన్‌లోని టీఎస్ఎమ్‌సీ 1987 నుంచి ఇతరుల చిప్‌లే చేస్తోంది. 2020లో యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లను మానేసి సొంత చిప్‌లకు మారడం మొదలుపెట్టినప్పుడు వాటిని చేసిచ్చిందీ అదే. అంత సూక్ష్మమైన పని చేయగలవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే ఉన్నారు కాబట్టి బేరంలో దానిదే పైచేయి. మీరు చేరబోయే సంస్థ చేసే పనిని పోటీదారు ఎంత త్వరగా నేర్చుకోగలడన్నది బ్రాండు పేరు కన్నా ముఖ్యం.

ఇదంతా తెలుసుకోవడానికి ఎంబీఏ అక్కర్లేదు. డిక్సన్, సిర్మా ఎస్‌జీఎస్ లాంటి లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. బీకాం చదివినవాళ్లు కూడా వీటిని చదవడం అలవాటు చేసుకుంటే కొనుగోళ్ల విభాగం, సప్లయ్ చైన్, మార్కెట్ పరిశోధన ఉద్యోగాలకు దారి ఏర్పడుతుంది.

తిరుత్తణి 1960లో ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తాలూకా. ఇక్కడి తెలుగు ఇళ్లలో తెలుగు, తమిళం రెండూ వస్తాయి. శ్రీపెరంబుదూరు ఒక పక్క, ఆంధ్ర వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్న శ్రీసిటీ, రేణిగుంట మరో పక్క. రెండు వైపులా దరఖాస్తు చేయండి. సూపర్‌వైజర్ స్థాయిలో రెండు భాషల్లోనూ మనుషులతో మాట్లాడగలవాళ్లు కావాలి.

ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే జీతంతో పాటు మూడు సంగతులు అడగండి: ఈ లైన్‌లో సరుకు ఎంతమంది కస్టమర్లకు వెళ్తోంది, డిజైన్ ఎవరిది, కొత్త మోడల్ వచ్చినప్పుడు పాత లైన్ వాళ్లకు శిక్షణ ఎవరిస్తారు.