ఈ నెల మాట: 'జంప్'



మీ పిల్లల వొకాబులరీ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. 'జంప్ అంటే దూకడం' అని ఒక్క వరుసలో రాసి ఉంటుంది. అది తప్పు కాదు, కానీ అంతవరకే నేర్చుకుంటే చాలదు. ప్యాసేజ్‌లో ధరలు 'జంప్' అయ్యాయని ఉంటే, ధరలు ఎక్కడికి దూకాయో తెలియక పిల్లలు ఆగిపోతారు. వచ్చిన మాట దగ్గరే మార్కు పోతుంది.

ఈ ఆరు వాక్యాలు చూడండి.

1. ద బాయ్ జంప్డ్ ఓవర్ ద వాల్: అబ్బాయి గోడ దూకాడు.
2. ఐ జంప్డ్ వెన్ ద ఫోన్ ర్యాంగ్: ఫోన్ మోగేసరికి ఉలిక్కిపడ్డాను.
3. క్యాష్యూ ప్రైసెస్ జంప్డ్: జీడిపప్పు ధర ఒక్కసారిగా పెరిగింది. పలాస వాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే.
4. డోంట్ జంప్ ద క్యూ: వరుస తప్పి మధ్యలో దూరకండి. రథసప్తమి నాడు అరసవల్లిలో పనికొచ్చే వాక్యం.
5. డోంట్ జంప్ టు కన్‌క్లూజన్స్: పూర్తిగా తెలుసుకోకుండా ఒక నిర్ణయానికి రావద్దు.
6. షి జంప్డ్ ఎట్ ద ఛాన్స్: అవకాశం రాగానే ఎగిరి గంతేసి ఒప్పుకుంది.

ఒక జాగ్రత్త: 'అప్పు చేసి జంప్ అయ్యాడు' అని మనం అంటాం. ఇంగ్లిష్‌లో ఉత్తినే 'హి జంప్డ్' అంటే పారిపోయాడని కాదు, గెంతాడనే. పారిపోయాడనడానికి 'హి ర్యాన్ అవే' అని రాయాలి.

ఇంగ్లిష్ ఒక్కటే ఇలా ఉండదు. పక్షి ఎగురుతుంది, జెండా ఎగురుతుంది, కోపం వస్తే మనిషి ఎగిరెగిరి పడతాడు. ఈ తేడాలు మీ పిల్లలకు ఎవరూ బట్టీ పట్టించలేదు. ఇంట్లో వింటూ నేర్చుకున్నారు.

శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) సవర భాషను సవరలు మాట్లాడుతుండగా విని నేర్చుకున్నారు. ఆ తర్వాతే దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ముందు వాడుక, తర్వాత అర్థాల పట్టిక.

ఇంట్లో ఇలా చేయించండి: రోజుకు ఒక్క మాట చాలు. అర్థం అడగకండి, ఆ మాటతో రెండు వేర్వేరు అర్థాలు వచ్చేలా రెండు వాక్యాలు చెప్పమనండి. తర్వాత వాటిని తెలుగులో చెప్పమనండి. రెండుచోట్లా ఒకే తెలుగు మాట వాడితే, ఇంకోసారి ఆలోచించమనండి. దీనికి మీకు ఇంగ్లిష్ రానక్కర్లేదు, పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు.

వచ్చే నెల మాట: 'రన్'.