నెల పసికందు గొంతులో

అమ్ములూ,

గొంతులో చేరిన బ్యాక్టీరియావల్లే పసిపిల్లలకు ఉబ్బసం వస్తుందని మీ మెడికల్ క్లాసులో ఎవరో తేల్చేశారట. అంత తొందరపడకు. ఆ మాట పుట్టిన చోటికే వెళ్దాం.

కోపెన్‌హేగన్‌లో హన్స్ బిస్‌గార్డ్ బృందం, ఉబ్బసం ఉన్న తల్లులకు పుట్టిన 411 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. నెల వయసులో, ఏ జబ్బు లక్షణాలూ లేని 321 మందికి సన్నటి గొట్టంతో గొంతు అడుగు నుంచి స్రావం తీసి కల్చర్ చేశారు. న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా: వీటిలో ఏదో ఒకటైనా 21 శాతం మందిలో కనిపించింది. అయిదేళ్లు వచ్చేసరికి వాళ్లలో 33 శాతానికి ఉబ్బసం. మిగతావాళ్లలో 10 శాతానికే. ఈ ఫలితాల్ని 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చువేసింది.

చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. నువ్వు ఆపకు. ఏడాది వయసులో మళ్లీ పరీక్షిస్తే, అప్పుడు దొరికిన బ్యాక్టీరియాకూ తర్వాత వచ్చిన ఉబ్బసానికీ లంకె కుదరలేదు. స్టాఫిలోకాకస్‌కైతే నెల వయసులోనూ సంబంధం లేదు. మరి ఆ మూడు క్రిములు లేత శ్వాసనాళాల్ని చెడగొట్టాయా, లేక ఉబ్బసం రాబోయే బిడ్డ రోగనిరోధక శక్తిలో ముందే ఉన్న తేడా వాటికి చోటిచ్చిందా? ఇలాంటి పరిశీలన ఒక్కటే దాన్ని తేల్చలేదు. పైగా అందరూ ఉబ్బసం తల్లుల పిల్లలే. ఆ 33 శాతాన్ని మీ వార్డులోని ప్రతి బిడ్డకూ అంటగట్టకు.

అదే బృందం 2016లో మరో సంగతి చెప్పింది. ఒకటి నుంచి మూడేళ్ల వయసు పిల్లలకు పిల్లికూతలు, ఆయాసం మూడు రోజులైనా తగ్గనప్పుడు మూడు రోజులు అజిత్రోమైసిన్ ఇస్తే, ఆ తర్వాత బాధ సగటున 3.4 రోజులుంది; ఉత్తుత్తి మందు ఇచ్చినప్పుడు 7.7 రోజులు. అయితే మళ్లీ వచ్చే ఆయాసాన్ని మాత్రం ఆ మందు వెనక్కి నెట్టలేదు. ఈ వయసులో పిల్లికూతలకు ఎక్కువగా నిప్పంటించేవి వైరస్‌లేనని నీకు తెలుసు. జలుబు అనగానే మందుల షాపులోనే ఈ సిరప్ చేతికొచ్చే మన ఊళ్లలో, నీ చేత్తో ఇంకో సీసా రాసేముందు ఆలోచించు. మందుకు లొంగని క్రిములు ఇప్పటికే చాలానే ఉన్నాయి మనకు.

గొంతు కల్చర్ చేయిస్తారా అని తల్లి అడిగితే, మామూలు పిల్లికూతలకు దానివల్ల చికిత్స మారదని చెప్పు. ఇంట్లో సిగరెట్టు, కట్టెల పొయ్యి, దోమల చుట్ట పొగ ఏమైనా ఉందేమో అడుగు. ఇన్‌హేలర్ వాడుతుంటే స్పేసర్, మాస్కు ఎలా పట్టాలో ఆమె చేతే చేయించి చూడు.

ఆ 2007 వ్యాసంలో ఏడాది వయసు లెక్కలున్న భాగం చదివాక ఉత్తరం రాయి.

మీ పెదనాన్న