పాలు మాని ఎదుగుదామా?



బిడ్డ పుట్టినప్పటి బరువు సుమారు 5 నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే చాలు. ఆ తరువాత పాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టకపోతే ఎదుగుదల కుంటుపడుతుంది. పాలు మంచివే, కాని ఎల్లకాలం పాలే సరిపోవు.

ఆత్మీయ జీవితం కూడా ఇలాంటిదే. కొత్తగా జన్మించినవారు వాక్యమనే పాల కోసం ఆశపడాలని పేతురు చెప్పాడు (1 పేతురు 2:2). ఏళ్లు గడిచినా పాలే కావాలనేవారిని హెబ్రీ పత్రిక మందలించింది (5:12-14). అపొస్తలుడైన యోహాను విశ్వాసులను మూడు గుంపులుగా పలకరించాడు (1 యోహాను 2:12-14). వాటిని మనం ధ్యానించుకుందాం.

1. చిన్నపిల్లలు

వీరు పాపక్షమాపణ పొందారు, తండ్రిని ఎరిగారు. జబ్బుపడిన సమయంలో మొదటిసారి ప్రార్థించడం నేర్చుకున్నవారు చాలామంది ఈ మెట్టు మీదే ఉంటారు. వారి ప్రార్థనలో అడగడమే ఎక్కువ. బిడ్డ అడిగితే తండ్రి విసుక్కుంటాడా? వీరికి కావలసింది రోజూ కొంచెం వాక్యం, చేయి పట్టి నడిపించే సంఘం.

2. యౌవనస్థులు

వీరు బలవంతులు. వాక్యం వీరిలో నిలిచి ఉంది, దుష్టుని జయించారు. ఇది పోరాటపు మెట్టు. తాగుడు మానిన మనిషికి కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రమే అసలైన పరీక్ష. అయితే గెలిచినవారికి గర్వమనే ప్రమాదం కూడా ఉంది. కొరింథు సంఘానికి కృపావరాల కొదవ లేదు (1 కొరింథీ 1:7). అయినా అసూయ, కలహం ఉన్నందున పౌలు వారిని పసిబిడ్డలతో పోల్చాడు (3:1-3). గట్టిగా ప్రార్థించడం వేరు, ఎదగడం వేరు.

3. తండ్రులు

వీరి గురించి యోహాను రెండుసార్లూ ఒకే మాట చెప్పాడు: ఆది నుండి ఉన్న ప్రభువును వీరు ఎరిగారు. తండ్రి అంటే తాను తినేవాడు మాత్రమే కాదు, పిల్లలకు తినిపించేవాడు. తన నొప్పిలో కూడా పక్క మంచం మీది రోగి భోజనం చేశాడా అని అడిగేవారిలో ఈ ఎదుగుదల కనబడుతుంది. దీనికి వయసుతో గాని, సంఘంలో పదవితో గాని పని లేదు.

రోగం విశ్వాసానికి కొలత కాదు

"విశ్వాసం పెరిగితే మందులెందుకు?" అనే మాట విని క్షయ మందులు, షుగరు మాత్రలు, ఫిట్స్ మందులు మధ్యలో మానేసేవారున్నారు. ఇది ప్రాణాంతకం. క్షయకు సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. ఒళ్లు తేలికపడిందని రెండు నెలలకే మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండా పోవచ్చు.

పౌలుకు విశ్వాసం తక్కువా? అయినా త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్లవలసి వచ్చింది (2 తిమోతి 4:20). తిమోతి కడుపు జబ్బుకు ఆ కాలంలో తెలిసిన ఉపాయం చెప్పాడు (1 తిమోతి 5:23). లూకా అనే వైద్యుడు ఆయనకు ప్రియమైన తోటివాడు (కొలొస్సయి 4:14). ప్రార్థన చేద్దాం, మాత్ర కూడా వేళకు వేసుకుందాం. వీటిలో ఒకటి రెండోదానికి శత్రువు కాదు.

ఎదుగుదల తిన్నని గీత కాదు

పెంతెకొస్తు దినాన ధైర్యంగా ప్రసంగించిన పేతురే, తరువాత అంతియొకయలో మనుషులకు జడిసి అన్యజనులతో కలిసి తినడం మానేశాడు (గలతీ 2:11-14). అంతటితో దేవుడు ఆయనను విడిచిపెట్టలేదు. రెండవ పత్రికను ముగిస్తూ ఆ పేతురే మనలను ఎదగమని హెచ్చరిస్తున్నాడు (2 పేతురు 3:18). కాబట్టి పడినవారు నిరాశపడవద్దు. నిలిచినవారు అతిశయపడవద్దు.

ఈ వారం మనలను మనం పరీక్షించుకుందాం:

* నిరుడు కోపం తెప్పించిన మాటే నేడు వింటే ఎలా జవాబిస్తున్నాము?
* మన ప్రార్థనలో మన ఇల్లు దాటి ఎవరి పేరైనా ఉందా?
* మనకంటే చిన్న విశ్వాసి ఒకరికైనా తోడుగా నడుస్తున్నామా?

ఏ మెట్టు మీద ఉన్నా సిగ్గుపడనక్కరలేదు, అక్కడే ఆగిపోకుండా ఉంటే చాలు. ప్రభువు మనందరినీ ఆరోగ్యంలోను, ప్రేమలోను వృద్ధి చేయును గాక. ఆమేన్.